ట్యూబులకు తినిపించిన నలోంగో

నలోంగో నకిబూలే గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆమె దొంగ అని రాసిన ఉత్తరం టైపు చేసింది నేనే. సరస్సు ఒడ్డున ఉన్న మా చేపల పరిశోధన కేంద్రంలో నేను ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని. పేరు లుబ్వామా. ఎవరు ఏది చెబితే అది అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తానని నాకు పేరుంది. ఆ ఉత్తరంలో కూడా ఒక్క అక్షరం తప్పు పోలేదు. తప్పంతా విషయంలోనే ఉంది.

కవలల్ని కన్న తల్లిని మేం నలోంగో అంటాం. ఆ బిరుదు వచ్చాక ఇంక అసలు పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఈమె కూతుళ్లు బబిర్యే, నకాటో పుట్టిన మూడేళ్లకే భర్త పోయాడు. ఊడ్చే పనికని మా దగ్గరికి వచ్చింది. చదివింది నాలుగో తరగతి. అప్పట్లో మా పెద్ద డాక్టరు కిగుండు గారు ఆమె చీపురు పట్టుకున్న తీరు చూసి, ఈ చేతులు గాజుకి పనికొస్తాయని ల్యాబులోకి తీసుకున్నారు. మొదట ట్యూబులు కడగడం నేర్పారు. తర్వాత మందు పలచన చేయడం నేర్పారు. పంతొమ్మిదేళ్లలో ఆమె చేతిలో పగిలినవి ఏడు ట్యూబులు. ఆ ఏడూ ఎప్పుడెప్పుడు పగిలాయో అడిగితే రోజులతో సహా చెప్పేది.

మందు అంటే చేపలకు వేసే హార్మోన్. దాని సంగతి నాకు అర్థమైనంత వరకే చెబుతాను. మా దగ్గరి జెల్ల చేపలు తొట్టెల్లో బాగానే పెరుగుతాయి, పొట్ట నిండా గుడ్లు కూడా పడతాయి, కానీ పెట్టవు. వరద రావాలి, బురద నీళ్లు గడ్డి మీదికి ఎక్కాలి, అప్పుడు గానీ వాటి మెదడు ఆ కబురు పొట్టకి పంపదు. ఆ కబురే హార్మోన్. మెదడు దాన్ని పూసలు గుచ్చినట్టు ఒక్కో ముక్కా కలిపి తయారు చేస్తుందట. విదేశాల్లో ఫ్యాక్టరీ వాళ్లు అదే దండని యంత్రంతో గుచ్చుతారు. తొమ్మిది పూసలు. అందులో ఆరో పూస మార్చేస్తారు, చేప ఒళ్లు దాన్ని తొందరగా తెంపెయ్యకుండా. అది చిటికెడు పొడిగా చిన్న సీసాలో వస్తుంది. సీసా ఎత్తి చూస్తే లోపల ఏమీ లేదనే అనుకుంటాం.

మా ల్యాబులో జరిగే పరిశోధన ఏమిటంటే, చేప వరద వచ్చిందని నమ్మాలంటే ఎంత తక్కువ మందు సరిపోతుంది అని. నలోంగో ఐదు ట్యూబులు వరసగా పెట్టి, మొదటిదాంట్లో చిక్కటి మందు పోసి, అందులోంచి కొంచెం రెండోదాంట్లోకి, రెండోదాంట్లోంచి మూడోదాంట్లోకి, అలా నీళ్లు కలుపుతూ ఐదో దాకా వెళ్లేది. సాయంత్రం ఒక్కో ట్యూబు మందూ ఒక్కో తొట్టెలోని ఆడ చేపలకి సూదితో ఎక్కించేవారు. తెల్లవారాక పొట్ట నొక్కితే ఆకుపచ్చటి గుడ్లు జారాలి. కిగుండు గారి కాలంలో నాలుగో తొట్టె దాకా జారేవి. ఐదోదాంట్లో జారేవి కావు. ఆ లెక్క ఆయన పత్రికల్లో రాశారు, పై దేశాల వాళ్లు మెచ్చుకున్నారు, ఆ తర్వాత రెండేళ్లకి ఆయన గుండె ఆగి పోయారు.

ఇక గుడ్డు సంగతి. చేప గుడ్డు కాదు, కోడి గుడ్డు. ప్రతి సోమవారం నలోంగో తను కట్టుకునే పొడుగు గౌను, గోమెసి, నడికట్టులో ముడేసుకుని ఇంటి నుంచి ఒక గుడ్డు తెచ్చేది. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లలో తెల్లసొన కలిపి, గుడ్డలో వడకట్టి, కడిగిన ట్యూబుల్లో అంచు దాకా పోసి, కాసేపుంచి వంచేసేది. ఆ తర్వాతే మందు. పచ్చసొన ల్యాబు వెనక ఉండే పిల్లికి వేసేది. ఎందుకమ్మా ఇదంతా అని నేనోసారి అడిగాను.

"పెద్ద డాక్టరు చెప్పారు నాయనా. ట్యూబుకి ముందు తినిపించు, తర్వాత మందు పొయ్యి అన్నారు. ముందైతే దానికి వేరే తెల్లపొడి వచ్చేది. అది రావడం ఆగిపోతే గుడ్డుతో కానిమ్మన్నారు."

"ట్యూబు తినడమేంటి?"

"నన్నడిగితే? నువ్వు టైపు చేసేవన్నీ నీకు అర్థమవుతున్నాయా ఏంటి?"

నేను నా టైపు మిషను దగ్గరికి పోయాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మా అమ్మమ్మల కాలంలో ఆడవాళ్లు కోడి, గుడ్డు ముట్టేవారు కాదు. గుడ్డు తినే ఆడదంటే నోటికి అదుపు లేనిదని, కొంపలు ముంచేదని అర్థం. ఇప్పుడదంతా పోయింది. నా కూతురు రోజూ పొద్దున్నే బస్టాండు దగ్గర రెండు గుడ్లట్టు చపాతీలో చుట్టించుకుని నడుస్తూనే తినేస్తుంది. నలోంగో మాత్రం వాళ్లమ్మకి ఇచ్చిన మాట మీద నిలబడింది. యాభై ఎనిమిదేళ్ల వయసు దాకా గుడ్డు రుచి ఎరగదు. కూతుళ్లు ఎంత ఆట పట్టించినా సరే.

పోయిన మార్చిలో కిగుండు గారి స్థానంలోకి డాక్టర్ సెకిట్టో వచ్చాడు. ముప్పై ఆరేళ్లవాడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఎనిమిదేళ్లు విదేశంలో చదివి వచ్చాడు. చెడ్డవాడు కాదు. నలోంగో అలవాటు ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెడితే, ఎక్కడ చూడాలో తెలియక తన బూట్ల వంకే చూసుకునేవాడు. వచ్చిన రెండో సోమవారం ల్యాబులోకి అడుగు పెట్టేసరికి, సున్నితమైన త్రాసు పక్కన బల్ల మీద కోడి గుడ్డు, ట్యూబుల్లో జిగట నీళ్లు కనిపించాయి. మొహం మాడిపోయింది. పదకొండు గంటల టీ దగ్గర, అందరం వేయించిన వేరుశనక్కాయలు నములుతుండగా అన్నాడు.

"ఏం నలోంగో, ల్యాబులో గుడ్లట్టు వేస్తున్నావా? గుడ్లు తింటానికి ఇల్లు లేదా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు.

నలోంగో కప్పు కింద పెట్టింది. "నేను గుడ్డు తినను డాక్టరుగారూ."

"మరెవరు తింటున్నారు, పిల్లి తింటోందా?"

"అవునండి. పిల్లే."

ఉన్న సంగతే చెప్పింది పాపం. జనం పడీ పడీ నవ్వారు. నమ్యాలో అనే మా వంటావిడకి పొలమారింది. డాక్టరు కూడా నవ్వేసి, ఆ నవ్వులోనే, ఇకమీదట గుడ్డు మాట ఎత్తొద్దన్నాడు. ట్యూబులు ఆసిడ్‌తో కడగాలి, శుద్ధమైన నీళ్లతో మూడుసార్లు తొలవాలి, పొయ్యిపెట్టెలో ఎండబెట్టాలి, అంతే. నలోంగో తలూపింది. ఆమె ఆ టీ తాగలేదని నేను తర్వాత గమనించాను. ఆ రోజు నుంచి మాతో కూర్చుని తాగడమే మానేసింది.

చెప్పిన పని మాత్రం చెప్పినదానికంటే ఎక్కువే చేసింది. ట్యూబులు ఎంత మెరిసేవంటే ఉన్నాయో లేవో తెలిసేది కాదు. పిల్లి సోమవారం సోమవారం గుమ్మం దగ్గర కూర్చుని అరిచి పోయేది.

మొదటి విడత చేపలకి మందు ఎక్కించారు. పొద్దున పొట్టలు నొక్కితే మొదటి తొట్టెలో బ్రహ్మాండంగా గుడ్లు జారాయి. రెండోదాంట్లో ఒకటో రెండో చేపలు పెట్టాయి. మూడు, నాలుగు, ఐదు తొట్టెల్లో ఏమీ లేదు. డాక్టరు నీళ్ల వెచ్చదనం చూశాడు, చేపల్ని తూచాడు, సూదులు మార్చాడు. రెండో విడతలోనూ అంతే. కొత్త సీసా తెరిచారు. మూడో విడతకి నలోంగో మందు కలుపుతుంటే ఎదురుగా స్టూలు వేసుకుని రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆమె చెయ్యి ఎక్కడా తప్పలేదు. పొద్దున మళ్లీ అదే.

అందరికీ బుర్రలు వేడెక్కాయి. కిగుండు గారి లెక్క అబద్ధమా అంటే, ఆ లెక్కలు టైపు చేసింది నేనే, ఆ గుడ్లు నా కళ్లతో చూశాను. మందు పాడైందా అంటే మొదటి తొట్టెలో పనిచేస్తోంది. చేపలు మొండికేశాయా అంటే, చేపలకి ఏ తొట్టెకి ఏ ట్యూబో ఎలా తెలుస్తుంది? ఏ దారి పట్టినా నాలుగడుగులు వేసేసరికి గోడ.

ఇలాంటప్పుడు మనుషులకి తట్టేది ఒక్కటే, ఎవరో తీశారని. చుట్టుపక్కల చేప పిల్లలు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ మందు బంగారం. ఫ్రిజ్ తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి నలోంగో దగ్గర. డాక్టరు నన్ను పిలిచి ఉత్తరం చెప్పాడు. సీసాలోని హార్మోన్ కొంత తీసి దాని బదులు వేరే ఏదో కలిపినట్టు అనుమానం, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగంలోంచి తీసేసి పోలీసులకి అప్పగించడం. నకలు ముఖ్య కార్యాలయానికి.

నేను టైపు చేస్తూ ఒక్క మాట అన్నాను. "డాక్టరుగారూ, సీసాలోంచి తీస్తే మొదటి ట్యూబు కూడా చెడాలి కదా. అది బాగానే ఉంది. దొంగ అయితే పలచటి ట్యూబుల్లోంచి తీస్తాడా?"

"నాకూ అర్థం కావట్లేదు లుబ్వామా. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. నువ్వు టైపు చెయ్యి."

చేశాను. నలోంగో చేతికి ఇచ్చింది కూడా నేనే. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో అందుకుంది. చదివి చెప్పమంది. చెప్పాను.

"నేనెప్పుడు తీశాను?" అంది, నేను చూసినట్టు.

"నువ్వు తియ్యలేదు నలోంగో అమ్మా."

"మరి ఎక్కడికి పోయింది? నా చేతుల్లోంచే కదా పోయింది. నేను పోశాను, అక్కడ లేదు." అరచేతులు తిప్పి చూసుకుంది. "మొన్న గుడ్డన్నారు, ఇవాళ మందన్నారు. రేపు చేపల్నీ నేనే తిన్నానంటారేమో."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వలేదు లెండి, ఒకసారి నవ్విన పాపం చాలు.

సంజాయిషీ రాసుకోవడానికి ఆమెకి అన్ని అక్షరాలు రావు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వంటపాకలో కూర్చున్నాం, ఆమె చెబుతుంటే నేను రాశాను. నాదో అలవాటు, నా ముందు ఎవరు ఏమన్నా చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోతుంది, బుర్రతో దానికి పని లేదు. పొద్దున గేటు దగ్గర సంతకం పెట్టడం దగ్గర్నుంచి ఒక్కొక్క పనీ చెబుతోంది. ఆసిడ్ అంది, మూడుసార్లు తొలవడం అంది, ఎండబెట్టడం అంది. అంతలో పక్కన వంటావిడ నమ్యాలో గిన్నె మూత తీసి నెత్తి కొట్టుకుంది. ఆ రోజు అరటాకులు కోయడానికి బద్ధకించి, మటోకేకి, అంటే మా రోజువారీ అరటికాయ ముద్దకి, ఒలిచిన కాయలు ఆకు పరవకుండా ఒట్టి అల్యూమినియం గిన్నెలో వేసేసింది. సగం అడుగంటింది. గరిటెతో గీకుతోంది.

నలోంగో అటు తిరిగి కసిరింది. "ఆకు వెయ్యకుండా ఒట్టి గిన్నెలో పోస్తారటే ఎవరైనా? గిన్నె తన వాటా తను తినేసింది. ఇంక జనానికి ఏం పెడతావు, గరిటా?"

"అత్తగారిలా మొదలుపెట్టకు నలోంగో. సగం బానే ఉంది."

"పెద్ద గిన్నె కాబట్టి సగం మిగిలింది. చిన్న గిన్నె అయితే ఆ సగమూ ఉండేది కాదు."

మళ్లీ సంజాయిషీలో పడ్డాం. అంతా అయ్యాక, సంతకం పెట్టే ముందు వినిపించమంది. చదువుకుంటూ వచ్చాను. పొయ్యిపెట్టెలో ఎండబెట్టితిని. ఆకు వెయ్యకుండా ఒట్టి గిన్నెలో పోస్తారటే ఎవరైనా. గిన్నె తన వాటా తను తినేసింది.

"అది కొట్టెయ్యి," అంది నలోంగో. "దిక్కుమాలిన చెయ్యి నీది."

కొట్టెయ్యబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఆయనా అదే అనేవాడు."

"ఎవరు?"

"పెద్ద డాక్టరు. గాజు తన వాటా తను తినేస్తుంది నలోంగో, పలచటి మందైతే మొత్తం తినేస్తుంది, అందుకే ముందు దానికి వేరే ఏదన్నా తినిపించి కడుపు నింపు, అనేవాడు." ఆమె మాట నెమ్మదించింది. "గుడ్డు అందుకు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ మాట తొమ్మిది రోజుల కింద చెప్పలేకపోయావా? ఐదు నెలల కింద చెప్పలేకపోయావా?"

"గుడ్డు మాట ఎత్తొద్దన్నారుగా. మళ్లీ ఎత్తితే, తినడానికే అంటారు."

ఆ కాగితం కొట్టివేతలు లేకుండా, వంటావిడ మటోకే మాటలతో సహా, అలాగే డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టి, గిన్నె దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాడు. గుడ్డు తెల్లసొన లాంటిదే ఏదో సొన పేరు గొణిగాడు. పరీక్షలో రాశానని, మందు గాజుకి అతుక్కుపోతుందని పుస్తకంలో ఉందని, తను చదివిన చోట ఆ సొన ముందే కలిపిన నీళ్లు సీసాల్లో కొనుక్కొచ్చి వాడేవాళ్లని, ఎందుకు కలుపుతారో తనెప్పుడూ ఆలోచించలేదని, ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తర్వాత బయటికొచ్చి, నలోంగోని రేపు ఒక గుడ్డు తెమ్మన్నాడు. ఆమె నా వంక చూసింది, ఇది ఎగతాళా నిజమా అన్నట్టు.

పది ట్యూబులు పెట్టారు. ఐదింటికి తినిపించారు, ఐదింటికి తినిపించలేదు. పది తొట్టెల చేపలకి సాయంత్రం సూదులు వేశారు. మర్నాడు పొద్దున ఆఫీసు తాళం కూడా తియ్యకుండా నేనూ తొట్టెల దగ్గరికే పోయాను. తినిపించని వరసలో మొదటిదాంట్లో బాగా, రెండోదాంట్లో కాసిని గుడ్లు. తినిపించిన వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో తొట్టె చేపని డాక్టరే చేతుల్లోకి తీసుకుని నొక్కాడు. గుడ్లు గిన్నెలోకి జారాయి. ఐదోదాంట్లో లేవు. కిగుండు గారి లెక్క లెక్కలా ఉంది.

అందరూ ఆనందపడ్డారు, నలోంగో తప్ప. ఆమె మొహంలో అయోమయం ఇంకా ఎక్కువైంది.

"అయితే మందు గాజుకి అంటుకుని ఉండిపోయిందా?"

"అవును."

"ఆ తర్వాత ఆసిడ్ పోసి కడిగింది నేనేగా? అంటే మందంతా పారబోసింది నేనేగా? ఉత్తరం నిజమేగా అయితే?"

డాక్టరు, "పారబోయించింది నేను," అన్నాడు. ఆమెకి అది సరిపోయిందో లేదో నాకు తెలియదు. చాలా రోజులు ట్యూబులు కడుగుతూ ఆ నీళ్ల వంక చూస్తూ నిలబడేది.

మర్నాడు కొత్త ఉత్తరం చెప్పాడు. హార్మోన్ విషయంలో నలోంగో నకిబూలే మీద మోపిన అనుమానం పూర్తిగా నిరాధారం, తప్పు నాది, నకలు ముఖ్య కార్యాలయానికి. మంచి ఉత్తరం. టీ దగ్గర, అందరి ముందు తనే లేచి చదివాడు. చదివి, రెండు చేతులతో ఆమెకి ఇచ్చాడు. ఆమె నా చేత మళ్లీ ఒకసారి చదివించుకుంది. తర్వాత దాన్ని బల్ల మీద ఆయన వైపు తోసింది.

"ఇందులో గుడ్డు లేదు," అంది.

"గుడ్డా? గుడ్డు సంగతి ముఖ్య కార్యాలయానికి ఎందుకమ్మా? విషయం హార్మోన్ కదా."

"మందు దొంగనన్నది మీరు కాగితం మీద. గుడ్డు తింటున్నానన్నది ఇక్కడ, ఇదే టీ దగ్గర. ఆ మాట మా వియ్యపురాలి ఇంటి దాకా పోయింది. మా బబిర్యే అత్త, మీ అమ్మకి గుడ్లట్టు పంపనా అని అడిగిందట. మందు నాకు తెలీదు డాక్టరుగారూ, అది కంటికి కనబడదు. గుడ్డు నాకు తెలుసు."

ఆయనకి అర్థం కాలేదు. పట్నం పిల్లాడు. పక్కకి తీసుకెళ్లి, మా అమ్మమ్మల సంగతి, వాళ్లమ్మకిచ్చిన మాట సంగతి నేనే చెప్పాను. వింటూ వింటూ ఆయన తల వంచి మళ్లీ తన బూట్ల వంకే చూసుకున్నాడు. ఆ రోజు నవ్వినందుకు నాక్కూడా అప్పుడే పూర్తిగా సిగ్గేసింది. టైపు మిషను టీ గదిలోకే మోసుకొచ్చాను. ఆయన చెప్పాడు, నేను కొట్టాను. వంటావిడ కూడా నవ్వలేదు. ఆయన సంతకం పెట్టి, కేంద్రం ముద్ర వేశాడు. నలోంగో ఈసారి మోకాళ్ల మీద కూర్చోలేదు. నిలబడే అందుకుని, మడిచి, గుడ్డు ముడేసుకునే నడికట్టులోనే పెట్టుకుంది. తర్వాత టీ పోయించుకుని మా మధ్య కూర్చుని తాగింది.

ఆమె పోయిన నెల రిటైరైంది. ట్యూబులకి తినిపించే పని ఇప్పుడు డాక్టరే చేస్తున్నాడు, పచ్చసొన పిల్లికి వేస్తున్నాడు. మొన్న ఆదివారం నేను ఆమె ఇంటికి వెళ్లాను. పంతొమ్మిదేళ్ల సేవకి ముఖ్య కార్యాలయం వాళ్లు ఇచ్చిన బంగారు అంచు యోగ్యతాపత్రం ఏదని అడిగితే, ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉండాలి అంది. గోడ మీద మాత్రం భర్త ఫోటో పక్కన అద్దం కట్టించిన కాగితం ఒకటి వేలాడుతోంది. నా టైపే. కింద డాక్టరు సంతకం, గుండ్రటి ఊదా ముద్ర. మధ్యలో ఒకే ఒక్క వాక్యం. "నలోంగో నకిబూలే గుడ్డు తినలేదు."